మూగ కమ్మరి మీద విచారణ

మా తమ్ముడికి నత్తి. పేరు చెప్పాలన్నా చెమటలు పడతాయి. ఆదివారాలు కొంతమంది ఒక అద్దె హాల్లో చేరి, వేషాలు కట్టి, పాతకాలపు ఊరొకటి ఆడుకుంటారు. వాళ్లలో చేరినప్పుడు మా వాడు మూగ కమ్మరి వేషం ఎంచుకున్నాడు. అక్కడ వాణ్ణి మాట్లాడమనేవాళ్లు లేరు. వారమంతా ముడుచుకుని ఉండేవాడు అట్టసుత్తి భుజాన వేసుకుని బయల్దేరుతుంటే నాకు కడుపు నిండినట్టుండేది.

ఆ ఊరికి రాజ్యాంగం కూడా ఉంది, పనీపాటా లేకపోతే ఇంతే మరి. రెండు సూత్రాలంటే వాళ్లకు ప్రాణం. నిందితుడు తన నోటితోనే జవాబు చెప్పాలి. వేషం మధ్యలో వదిలినవాడికి ఊళ్లో చోటు లేదు.

ఒక ఆదివారం ఖజానా తాళంచెవి పోయింది. షావుకారు వేషం కట్టినతను మా వాడి మీద ఫిర్యాదు చేశాడు. బయట టైల్స్ అమ్ముకునే పెద్దమనిషి నల్లదుప్పటి కప్పుకుని న్యాయాధికారిగా కూర్చున్నాడు. చూడ్డానికి నేనూ వెళ్లాను.

తమ్ముడు జేబులు తిరగేసి చూపించి, చేతులు అడ్డంగా ఊపాడు.

"సైగలు చెల్లవు. నోటితో చెప్పు," అన్నాడు న్యాయాధికారి.

"వాడు మూగవాడు కదండీ! ఆ వేషం మీరే ఒప్పుకున్నారు," అని లేచాను.

"మీరు ఊరివాళ్లు కాదమ్మా, కూర్చోండి. జవాబు చెప్పకపోతే నేరం ఒప్పుకున్నట్టే."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. తమ్ముడి మెడనరాలు ఉబ్బాయి. "తీ... తీ..." ఎవరో కిసుక్కున నవ్వారు. "తీయలేదు!"

వాడు అంత గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

ఇంతలో షావుకారు తన కోటు జేబులో చెయ్యి పెట్టి నాలుక కరుచుకున్నాడు. తాళంచెవి అక్కడే ఉంది. న్యాయాధికారి దొంగతనం కేసు కొట్టేశాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఇక రెండోది," అన్నాడాయన అదే గొంతుతో. "మూగ కమ్మరి మాట్లాడాడు. వేషం వదిలాడు. ఈ రోజు నుంచి ఊరికి రాకూడదు."

"మీరేగా మాట్లాడమంది!"

"సూత్రం ఎవరికైనా ఒకటేనమ్మా."

అందరూ తలలూపారు. విచారణ పద్ధతిగా జరిగిందని షావుకారు కూడా మెచ్చుకున్నాడు. ఆ దుప్పటి లాగి వాళ్ల మొహాన కొట్టాలనిపించింది.

మెట్లు దిగుతూ, "నిజం చెప్పావురా, అది చాలు," అన్నాను. నా మాట నాకే చప్పగా వినిపించింది.

వాడు ఆగాడు. "దొ... దొంగకైతే నెల చెరసాలే అక్కా. ఊ... ఊళ్లోనే ఉండేవాణ్ణి."