చదివేవాళ్ళ వంతు

పొద్దున రామాయణం చదివిన నోటితో మధ్యాహ్నం యక్షుడి ప్రేమకథ చదవడం తప్పా, కాదా? సుబ్బరత్నాన్ని ఈ అనుమానం ఏళ్ళుగా వదలలేదు. గుడిలో అయ్యగారిని అడుగుదామంటే ఏమని అడగాలి? దీపం వెలిగిస్తుంటే కూడా వారపత్రిక సీరియల్లోని ఆ యక్షుడే గుర్తొస్తున్నాడని చెప్పుకోగలదా?

ఆ పత్రిక చర్ల బస్సులో వచ్చేది. కాలినడకన భద్రాచలం పోయే భక్తులకు అన్నం పెట్టడం సుబ్బరత్నం అత్తవారింట మామగారి నాటి మొక్కు. మొక్కు మగవాళ్ళది, వంటా విస్తళ్ళూ ఆడవాళ్ళవి. పొలం కూలీలు తినేదీ విస్తళ్ళలోనే కాబట్టి ఏడాది పొడుగునా మధ్యాహ్నాలు వసారాలో మోదుగాకులు కుట్టాల్సిందే. అత్తగారు ఆకులు వంతులేసి పంచేది. అక్కడొక పద్ధతి ఉండేది. కథ చదివేవాళ్ళు ఆకు ముట్టరు, వాళ్ళ వంతు వినేవాళ్ళు కుట్టాలి. చదువు వచ్చింది సుబ్బరత్నానికే. ఆమె వంతు కుట్టేది పక్కింటి ముత్తక్క.

కథలో పెద్దగా ఏమీ జరగదు. కొండమీది ఊటకు ఒక యక్షుడు కావలి. నీళ్ళకు వచ్చే కుమ్మరి పిల్లకు మోకాలి నొప్పి. అతను దూరంగా రాతిమీద కూర్చుని "ఇవాళ కాలు ఎలా ఉంది?" అని అడుగుతాడు. ఆమె జవాబు చెప్పేదాకా ఆగుతాడు. కొండనే ఎత్తగలవాడు, ఆమె అడగనిదే కడవ ఎత్తడు. వారాల తరబడి ఇంతే.

"మా ఆయన కొండా ఎత్తలే, కడవా ఎత్తలే" అని ముత్తక్క ఆకులో పుల్ల గుచ్చుతూ నవ్వేది.

పొగాకు లెక్కలు చూసుకుంటూ లోపలి నుంచి భర్త వెంకటప్పయ్య అరిచేవాడు. "ఏందే, ఇంకా చెయ్యన్న పట్టుకోలేదా వాడు? యక్షుడా, రాయా?" అత్తగారు అందుకునేది. "రాముడి పటం ఉన్న ఇంట్ల యక్షుల కతలేంది? నీళ్ళు తోడినవా లేదా?" సుబ్బరత్నం పత్రిక మడిచి బావి దగ్గరికి పోయేది. తన మోకాలూ నొప్పే. ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ అడిగింది లేదు. అడిగినా జవాబు కోసం ఆగేవాళ్ళు లేరు. "ఏం కూర?" అని ఆమెనే అడుగుతారు, "పప్పే చెయ్యి" అని వాళ్ళే చెబుతారు.

కథ ముగింపుకు వచ్చిన రోజుల్లో గోదావరి పొంగింది. బస్సులు ఆగిపోయాయి. మళ్ళీ పత్రిక వచ్చేసరికి అందులో వేరే కథ మొదలై ఉంది. ఆ వరదలోనే ఇంటి గోడలు కూలడంతో ముత్తక్క, భద్రాచలంలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ అంది, "నీ వంతు ఆకులన్నీ కుట్టిన చెల్లె. కత ఆఖరు బాకీ ఉన్నవ్, మర్చిపోకు."

ఏళ్ళు గడిచినా సుబ్బరత్నం మర్చిపోలేదు. మొన్న నవమికి, రాములవారి కల్యాణం చూసి బస్టాండుకు వస్తుంటే, కిరాయి నవలల షాపులో ఆ కథ పేరు కనబడింది. పుస్తకంగా వచ్చింది. ఆమె కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"జల్దీ నడువ్, బస్సు పోతది" అన్నాడు వెంకటప్పయ్య.

"పోతే ఇంకోటి వస్తది. నేను ముత్తక్క ఇంటికి పోవాలె" అంది. అంత నిదానంగా అతనికి ఎదురు చెప్పడం ఆమెకు అదే మొదటిసారి. ఆమె పుస్తకం కిరాయికి తీసుకుని కదిలితే, అతను సంచి పట్టుకుని వెనకే నడిచాడు. దారిలో చివరి పేజీ తిప్పి చూద్దామని ఎంత అనిపించినా ఆమె తిప్పలేదు. అన్నాళ్ళు ఆగినవాడి కథను అలా ముగించకూడదు.

ముత్తక్క అరుగుమీద విస్తళ్ళు కుడుతోంది. పుస్తకం చూడగానే సుబ్బరత్నం చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. వెంకటప్పయ్య ఉండబట్టలేక అడిగాడు. "ఆఖరు పేజీ చూస్తే అయిపోతది గద. పట్టుకున్నడా చెయ్యి?"

"ఓహో, లోపల కూసొని అంతా విన్నవన్నమాట!" ముత్తక్క పకపకా నవ్వి ఆకుల కట్ట అతని ముందుకు తోసింది. "చదివేటామె వంతు ఎవరన్న కుట్టాలె మరిదీ. ఊకె వింటే ఎట్ల?"

అతను అటూ ఇటూ చూశాడు. సంచి కింద పెట్టి ఒక ఆకు తీసుకున్నాడు.

సుబ్బరత్నం చదివింది. ఆఖరి రోజున కుమ్మరి పిల్ల కడవ దించి "ఎత్తు" అంటుంది. యక్షుడు వెంటనే ఎత్తడు. "ముందు చెప్పు, కాలు ఎలా ఉంది?" అంటాడు. అక్కడ సుబ్బరత్నం పేజీలో వేలు పెట్టి, మోకాలు చాపుకుంది. ఆ ప్రశ్న వచ్చినప్పుడల్లా తననే ఎవరో అడిగినట్టుండేది. పొద్దున్నే రాముడి ముందు చెప్పుకునేదీ ఈ నొప్పి సంగతే కదా. చెప్పిందంతా వినే ఆయనకు, కాలెలా ఉందని ఇంకొకరు అడిగితే కోపం ఎందుకొస్తుంది? ఏళ్ళ బరువు దిగినట్టు ఊపిరి తేలికైంది. మిగిలిన నాలుగు ముక్కలూ స్పష్టంగా చదివింది. చెయ్యి పట్టుకోవడం చిట్టచివరి వాక్యంలో వచ్చింది.

"తీరిందా అక్కా నా బాకీ?"

ముత్తక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "తీరింది చెల్లె. ఇగ మొదటి నుంచి చదువు."

వెంకటప్పయ్య వంకరగా కుట్టిన విస్తరిని పక్కన పెట్టి, ఇంకో ఆకు తీసుకున్నాడు.