బొప్పాసకాయ పేరెత్తితే ఊరుకోను

నేను ఒక ఇనప స్టూలును. పేట ఆసుపత్రి కాన్పుల వార్డులో ఆరో నంబరు మంచం పక్కన నా కాపురం. నన్ను చేసిన వెల్డింగు మేస్త్రి ఆ పూట పెళ్ళిచూపుల హడావిడిలో ఉండి, నా నాలుగు కాళ్ళలో ఒకదాన్ని అరంగుళం తక్కువ కోశాడు. ఆయనకి సంబంధం కుదిరిందో లేదో గానీ, నాకు మాత్రం ఒక ఆయుధం కుదిరింది.

వార్డులోకి మగవాళ్ళు రాకూడదని గోడ మీద రాశారు. కాబట్టి నా మీద కూర్చునేది అత్తలు, పిన్నులు, పక్కింటివాళ్ళు. వాళ్ళు తెచ్చే పళ్ళకంటే సలహాలే ఎక్కువ. మరీ శ్రుతి మించితే పొట్టికాలి మీదికి ఒరుగుతాను. ఎంత పెద్ద ముత్తైదువైనా "ఓలమ్మో" అని మంచం కోడు పట్టుకోవాల్సిందే.

మొన్న ఎండాకాలంలో హైమావతి అనే పిల్ల ఆరో మంచం మీదికి వచ్చింది. నాలుగో నెలలో కడుపు పోయింది. అటువంటివాళ్ళకి వేరే గది లేదు. అటు ఐదో మంచం, ఇటు ఏడో మంచం, రెండు చోట్లా పసిపిల్లలే. ఏడో మంచం వాళ్ళు వార్డంతా మిఠాయి పంచుతూ ఆమె చేతిలోనూ ఒక లడ్డూ పెట్టేశారు. వార్డు ఆచారం మరి, ఎవర్నీ వదలకూడదు! ఆ పిల్ల తినలేదు, పారెయ్యలేదు. దాన్ని పట్టుకుని అలాగే కూర్చుంది. నాకు ప్రాణం ఉసూరుమంది.

మధ్యాహ్నం అత్తగారు సూరమ్మ వచ్చి నా మీద చతికిలబడింది.

"ఏటి తిన్నావే? బొప్పాసకాయ గానీ తిన్నావేటి?"

హైమావతి తల అడ్డంగా ఊపింది.

"మరి గ్రహణం నాడు బయటకెళ్ళుంటావు. ఊరికే పోద్దేటి?"

ఇక ఆగలేకపోయాను. ఒరిగాను. సూరమ్మ పళ్ళసంచీతో సహా కింద కూలబడింది. నవ్వాపుకోలేక నేను కిరకిరలాడాను. హైమావతి మాత్రం నవ్వలేదు. "నా వల్లే పోయింది" అని గొణిగింది. మనిషిని పడెయ్యగలిగాను గానీ, ఆ మాట అప్పటికే పిల్ల గుండెల్లో కూర్చుండిపోయింది. నా గర్వమంతా దిగిపోయింది.

సాయంత్రం ఎస్తేరు సిస్టర్ వచ్చింది. ముందు ఒక అట్టముక్క మడిచి నా పొట్టికాలి కింద పెట్టింది. పన్నెండేళ్ళ సర్వీసులో నాకు దక్కిన మొదటి వైద్యం అదే. తర్వాత కూర్చుని, ఆ లడ్డూ తీసి పక్కన పెట్టింది.

"నువ్వు తిన్నదాని వల్లా కాదు, తిరిగినదాని వల్లా కాదమ్మా. ఇలా చాలామందికి అవుతుంది. నీ తప్పేం లేదు" అంది. దుప్పటి సర్దుతూ, "పేరేమైనా అనుకున్నారా?" అని అడిగింది.

"చిన్ని అని పిలుచుకునేవోళ్ళం" అంటూ హైమావతి బావురుమంది.

సిస్టర్ గోడ మీది రాతను పట్టించుకోకుండా, గుమ్మం బయట నిలబడ్డ ఆమె మొగుడు గౌరునాయుడిని లోపలికి పిలిచింది. మర్నాడు వార్డు చివరి సామాన్ల గది ఖాళీ చేయించి, ఆరో మంచాన్ని అందులోకి మార్పించింది. అప్పటినుంచి అటువంటివాళ్ళకి ఆ గదే. నేనూ అక్కడే. ఈమధ్య పాతసామాన్ల జాబితాలో నా పేరెక్కితే, సిస్టరే కొట్టేసింది.

మొన్న గురువారం హైమావతి చెకప్‌కి వచ్చింది. "లోపల ఒకమ్మాయి రెండ్రోజులుగా ఎవరితోనూ మాట్లాడట్లేదు. పది నిమిషాలు కూర్చుంటావా?" అని సిస్టర్ అడిగింది.

ఏం సలహా చెబుతుందో చూద్దామని నేను కాలు సిద్ధం చేసుకున్నాను. హైమావతి వంగి, అట్టముక్క సరిచేసి, కూర్చుంది. తర్వాత ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, "పేరేటనుకున్నారమ్మా?" అంది.

నేను కదల్లేదు.