సుభాషిణి చేగోడీల డబ్బా

నేను ఒక స్టీలు డబ్బాని. రేకుగా ఉన్న నన్ను మర మీద గుండ్రంగా వంచి, మూత అమర్చి, కాకినాడలో ఒక సామాన్ల కొట్లో పెట్టారు. అనసూయమ్మ గారు నన్ను కొని, కూతురు సుభాషిణి పేరు చెక్కించి, ఆమె కాపురానికి వెళ్ళేటప్పుడు చేగోడీలతో నింపి ఇచ్చారు.

సుభాషిణిది కరెంటు ఆఫీసులో ఫిర్యాదుల ఫోను ఎత్తే ఉద్యోగం. ఊళ్ళో ఎక్కడ కరెంటు పోయినా తిట్లు తినేది ఆమే. రోజంతా అవి తిన్నాక కూడా ఆకలెలా వేసేదో మరి, సాయంత్రం రాగానే నిలబడే నా మూత తీసేది. రుచి తెలిసేలోపే నా అడుగు కనిపించేది. ఆ తర్వాత కోపమంతా నా మీదే!

"ఈ డబ్బా వల్లే నేనిలా లావైపోయాను" అని ఒకరోజు, కొత్తగా నింపిన నన్ను అటకెక్కించింది. కొన్నాళ్ళు కీరదోస ముక్కలు నమిలింది. చివరికి స్టూలెక్కి, అటక దగ్గరే నన్ను ఖాళీ చేస్తూ భర్త భాస్కరం కంటపడింది. సిగ్గుతో ఏడ్చేసింది. అతను నవ్వలేదు.

"ముందు దిగు, పడతావు" అని చెయ్యి అందించాడు. మర్నాడు ఆహార సలహాలిచ్చే నఫీసా గారి దగ్గరికి తీసుకెళ్ళాడు.

తిరిగి రాగానే సుభాషిణి నన్ను దింపి, వంటింటి గట్టు మీద పెట్టింది.

"ఎదురుగా పెడితే మిగుల్తాయంటావా?" అన్నాడు భాస్కరం.

"దాచితేనే యావ ఎక్కువవుద్దంటండీ. ఆకలేస్తే కూర్చుని, ఇష్టంగా తినమన్నారు. తినేముందు మాత్రం, ఇది ఆకలా, ఇంకేదన్నా బాధా అని నన్ను నేను అడగాలంట."

మొదట్లో ఆ ప్రశ్న మూత తీశాకో, సగం తిన్నాకో గుర్తొచ్చేది. కానీ మునుపటిలా నన్ను తిట్టేది కాదు, తనను తాను కూడా.

ఒకనాడు గాలివానకి ఊరంతా కరెంటు పోయింది. సుభాషిణి తడిసిన చీరతోనే వచ్చి నా మూత తీసింది. లోపలికి వచ్చిన చెయ్యి ఆగిపోయింది.

"ఏవండీ, ఇది ఆకలి కాదండీ. నాకు ఏడుపొస్తోంది."

భాస్కరం స్టవ్ ఆపేసి వచ్చి, ఆమెను నేలమీద కూర్చోబెట్టి, తనూ పక్కనే కూర్చున్నాడు. ఎవరెవరు ఏమన్నారో చెప్పి ఆమె తనివితీరా ఏడ్చింది. చివరికి, ఫ్రిజ్‌లో ఐస్‌క్రీం కరిగిపోయిందని ఫోనులో చిందులు తొక్కిన పెద్దమనిషి గొంతును ఆమె అనుకరిస్తే, ఇద్దరూ పగలబడి నవ్వుకున్నారు.

"ఇప్పుడు నిజంగా ఆకలేస్తోంది. అన్నం తిందామా?" అంది.

మొన్న ఆదివారం టీ తాగుతూ నా మూత తీసి, ఒక చేగోడీ కొరికి, పెద్దగా కేకేసింది.

"ఏవండీ! చేగోడీలు మిగిలి మిగిలి మెత్తబడిపోయాయండీ!"

భాస్కరం పరుగున వచ్చి తనూ ఒకటి నోట్లో వేసుకున్నాడు. కరకరలాడని ఆ చేగోడీని అంత సంతోషంగా నమిలిన మనుషుల్ని నేనెక్కడా చూడలేదు.