అరువు పేరును మోసిన కుర్చీ

నేను ఒక చక్రాల కుర్చీని. కోయంబత్తూరు దగ్గర ఒక షెడ్డులో ఇనుప గొట్టాలు వంచి నన్ను చేశారు. విశాఖలో ఒక బియ్యం వ్యాపారి నన్ను కొని, పోయిన తండ్రి పేరు నా వీపు మీద రాయించి, ఒక ఆసుపత్రికి దానమిచ్చాడు. ఆ పెద్దాయన చివరి రోజుల్లో నడవలేకపోయాడట. అప్పుడు కుర్చీ కొనాలని ఎవరికీ తోచలేదు.

ఇప్పుడు ఆసుపత్రి వెనక తుప్పు సామానులో పడి ఉన్నాను. ఎందరినో మోశాను. అసిరితల్లిని మాత్రం దించుకోలేకపోతున్నాను.

ఆమె, గురువులు అనే ఆమె భర్త సాలూరు వైపు పల్లె నుంచి వచ్చి ఇక్కడ మేడలు కట్టే పనిలో చేరారు. ఊళ్లో ఆరోగ్య కార్డులకు పేర్లు రాసుకునేవాళ్లు వచ్చిన రోజున వీళ్లు నగరంలో ఇసుక మోస్తున్నారు. ఇంట్లో లేరని పేర్లు కొట్టేశారు.

కడుపునొప్పితో ఆమె నా మీద కూర్చున్న రోజు, పేగు కుళ్లిందనీ వెంటనే ఆపరేషను చేయాలనీ డాక్టరు చెప్పాడు. కార్డేదని ఒక కౌంటరులో అడిగారు. సొంత ఊరు వెళ్లి పేరు ఎక్కించుకోమని ఇంకో కౌంటరులో చెప్పారు. అందుకు మనిషి స్వయంగా వెళ్లాలట. ఆ మనిషి నా మీద ముడుచుకుపోయి మూలుగుతోంది. ఆ కౌంటరు నుంచి ఈ కౌంటరుకు తిరిగి తిరిగి నా చక్రాలే అరిగాయి.

సాయంత్రానికి మేస్త్రి రామునాయుడు తన భార్య నారాయణమ్మ కార్డు పట్టుకొచ్చాడు. ఫొటో మాసిపోయి, అందులో ఎవరున్నా ఒకటే అన్నట్టుంది.

"అడిగితే నారాయణమ్మనని సెప్పీ," అన్నాడు గురువులు.

"సచ్చిపోతేనో?"

"సచ్చింది నారాయణమ్మవుద్ది. నువ్వు బతికీసినట్టే."

"ఒరే, నా ఇంటిదాన్ని సంపీకండ్రా," అన్నాడు మేస్త్రి.

అంత నొప్పిలోనూ ఆమె నవ్వింది. కౌంటరులో పేరు తడబడకుండా చెప్పింది. థియేటరు తలుపు దాకా నేనే తీసుకెళ్లాను.

ఆలస్యమైందన్నారు. తెల్లవారాక ఆమె పోయింది.

"నారాయణమ్మ భర్త ఎవరండీ? బాడీ ఇవ్వాలి, సంతకం పెట్టండి," అని నర్సు పిలిచింది.

గురువులు ఒక అడుగు వేసి ఆగిపోయాడు. మేస్త్రి తల వంచుకుని వెళ్లి సంతకం చేశాడు.

నా పిడి పట్టుకుని నిలబడ్డ గురువులును చూసి నర్సు అడిగింది. "మీరు ఆవిడకి ఏమవుతారు?"

"ఒకూరోల్లమండి," అన్నాడు.