యామిని వేసిన లేబుళ్లు

వంశధార పొంగి సంతబొమ్మాళి పొలాలు ముంచిన ఏడు అది. దసరా మర్నాడు, కాశీబుగ్గలో మా కోడలు యామిని పెట్టిన కంప్యూటరు కొట్టుకి మొదటి పెద్ద పని వచ్చింది. జీడిపప్పు డబ్బాలకి అంటించే లేబుళ్లు. డబ్బాలతో పాటు అవీ మధ్యాహ్నం లారీ ఎక్కాలి. అందిస్తే ఆ ఫ్యాక్టరీ పనంతా ఇక యామినిదే. లేదంటే బరంపురం ప్రెస్సుకి పోతుంది.

కాగితం పెట్టి మీట నొక్కింది. ప్రింటరులో దీపం వెలుగుతోంది. కంప్యూటరు మాత్రం ప్రింటరే లేదంటోంది.

ఫ్యాక్టరీ గుమస్తా ఢిల్లీరావు బల్ల మీద కూర్చుని కాళ్లు ఊపుతున్నాడు.

“ఏటమ్మా, ఎదురుగా ఉన్నదాన్ని నేదంటాదేటి? నీ కంప్యూటరుకి కళ్లద్దాలు కావాలేటో!”

“ఉండన్నయ్యా. లారీకింకా టైముంది,” అంది యామిని తల ఎత్తకుండా.

కంప్యూటరు ఆపి మళ్లీ వేసింది. ప్రింటరు సీడీ మళ్లీ ఎక్కించింది. కుదరలేదు. కంప్యూటరు వైపు వైరు పీకి అదే చోట పెన్ డ్రైవ్ గుచ్చింది. అది వెంటనే కనిపించింది.

“ఇటేపు బాగానే ఉన్నాది మావా,” అంది నాతో.

పక్క స్టూడియోవాళ్ల వైరు అడిగి తెచ్చాను. దానితోనూ అంతే.

“అయితే వైరు తప్పు కాదు. ఉంటే ప్రింటరులోనే ఉండాల.”

ప్రింటరు ఆపి వెనక్కి తిప్పింది. వైరు గుచ్చే కన్నంలోకి టార్చి వేసింది. లోపల ఎర్రగా ఉంది.

“అత్తా! నిన్న పూజలో దీనికి బొట్టెక్కడ పెట్టినావు?”

నా ఇంటిది బొడ్డమ్మ గుమ్మంలోంచే బదులిచ్చింది. “వైరెక్కేకాడ. మరెక్కడ పెడతారే?”

పెళ్లయినప్పటి నుంచీ జీడి ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి. అక్కడ ఆయుధపూజనాడు మోటారుకి కరెంటెక్కే చోటే బొట్టు పెడతారు. ఇక్కడా వైరు తీసి, గంధం మెత్తి, కుంకుమ అద్ది, మళ్లీ గుచ్చేసింది. అది లోపల అట్టకట్టింది.

ఢిల్లీరావు పడీపడీ నవ్వాడు. “నోటినిండా గంధం కుక్కీసి మాటాడమంటే ఏటి మాటాడతాది!”

“నవ్వు తరవాత. ఈ టార్చి పట్టు.”

పట్టాడు. యామిని అగ్గిపుల్ల సన్నగా చెక్కి ఎండిన గంధం గీకింది. పొడి దులిపింది. స్పిరిట్లో తడిపిన దూదితో తుడిచి, ఫ్యాను గాలికి ఆరనిచ్చింది. బొడ్డమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది. వైరు గుచ్చింది.

కంప్యూటరు టింగుమంది.

“ఒచ్చీసింది!” బొడ్డమ్మ అరుపుకి స్టూడియోవాళ్లు పరుగెత్తుకొచ్చారు. జీడిపండు బొమ్మతో ఎర్రగా, పచ్చగా లేబుళ్లు ఒకదాని వెనక ఒకటి జారాయి. ఢిల్లీరావు వాటిని రెండు చేతులా ఎత్తుకున్నాడు.

“ఇంక బరంపురం ఊసెత్తను తల్లీ. దీపావళి సరుక్కీ నువ్వే ఎయ్యాల.”

లారీ లేబుళ్లతోనే కదిలింది.

తెల్లారి ఒక లేబులు జేబులో పెట్టుకుని స్టేషను దగ్గర టీకొట్టుకి వెళ్లాను. బల్ల మీద పరిచాను.

“ఏటి మావా ఇది?” అన్నారు అక్కడున్నవాళ్లు.

అక్షరాలు కూడబలుక్కుని పైనుంచి కిందిదాకా చదివి వినిపించాను. “మా కోడలు ఏసింది,” అన్నాను. లేబులు మడిచి జేబులో పెట్టుకుని, బస్టాండు దగ్గర ఇంకో టీకొట్టుకి నడిచాను.