బొటనవేలి పరీక్ష

ఫిజియోథెరపీ డిగ్రీ చేతికొచ్చి ఏడాదిన్నరయినా అమ్మాయికి ఉద్యోగం దొరకలేదు. వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమె. నాన్న బట్టలు ఇస్త్రీ చేసి చదివించాడు. మేనమామ వచ్చినప్పుడల్లా ఒకటే పాట.

"కాళ్లు పిసకడానికి నాలుగేళ్ల చదువా? మీ అత్త ఏ డిగ్రీ లేకుండానే పిసుకుతోందే నాకు!"

నాన్న నవ్వేవాడు కాదు. ఇస్త్రీపెట్టె కాస్త గట్టిగా అదిమేవాడు.

చివరికి నడుం నొప్పుల క్లినిక్ ఒకటి, నెలరోజులు జీతం లేకుండా పనిచేసి చూపించమంది. నచ్చితే పర్మనెంటు. అక్కడ ఎన్నో ఏళ్లుగా ఉన్న థెరపిస్టును అందరూ అక్కా అనే పిలుస్తారు. మొదటిరోజే ఆమె అమ్మాయి చేతులు పట్టి చూసింది.

"బొటనవేలితో నొక్కకు తల్లీ. పేషెంట్లు అదే కావాలంటారు, వాళ్లకేం, హాయిగా ఉంటుంది. నువ్వు మాత్రం మోచెయ్యి వాడు. మన వేళ్లు పోతే మనల్ని అడిగే దిక్కుండదు."

"మరి మీరు వేలితోనే నొక్కుతున్నారుగా అక్కా?"

"నాది మొండి ఘటంలే."

తర్వాత అమ్మాయి ఒకటి గమనించింది. నూనె సీసా మూత తీయాల్సి వచ్చినప్పుడల్లా అక్క "చెయ్యి జిడ్డుగా ఉంది, నువ్వు తియ్యి" అనేది. ఆ చెయ్యి పొడిగానే ఉండేది. అమ్మాయి మూత తీసి ఇచ్చేది. ఎవరికీ చెప్పలేదు.

నెలాఖరున క్లినిక్ నడిపే డాక్టరు ఇద్దర్నీ గదిలోకి పిలిచాడు.

"పోస్టు ఒక్కటే ఉందమ్మా. చిన్న పరీక్ష పెడతా. పేషెంటు తెలిసిన మనిషే. అక్క కుడిచెయ్యి చూసి ఎలా ఉందో చెప్పు."

అక్క నవ్వింది. "నా చేతికేం సార్? రాయిలా ఉంది."

"ఏమీ లేకపోతే లేదనే చెబుతుంది. కాకపోతే ఉన్న నొప్పిని కనిపెట్టలేని వాళ్లకు నేను జీతం ఇవ్వలేను."

అమ్మాయి ఆ చెయ్యి అందుకుంది. బొటనవేలిని పిడికిట్లో మూయించి, మణికట్టును చిటికెనవేలి వైపు వంచాలి. ఫిజియోథెరపీ చదివిన ఏ పిల్లకైనా తెలిసిన పరీక్షే. "తేలిగ్గా పట్టుకో తల్లీ" అంది అక్క, పెదవులు కదలకుండా. అమ్మాయి తేలిగ్గానే వంచింది.

"కాలేజీలో ఇలాగే నేర్పారా?" అన్నాడు డాక్టరు.

ఇంటి దగ్గర ఇస్త్రీ బల్ల ముందు నిలబడి ఉండే నాన్న గుర్తొచ్చాడు. ఈసారి నేర్పినట్టే వంచింది. అక్క అరవలేదు. పైపెదవి మీద చెమట పోసింది. ఒక మడమ చెప్పులోంచి పైకి లేచింది.

"బొటనవేలి టెండన్ వాచింది సార్. పాతదే."

"పని చెయ్యగలదా?"

గోడ మీది అస్థిపంజరం బొమ్మను చూస్తూ చెప్పింది. "ఎక్కువ కాలం చెయ్యలేరు సార్."

"శభాష్!" అని డాక్టరు అక్కవైపు తిరిగాడు. "నాకు ఎప్పుడో తెలుసు. నేను చెబితే గొడవ పడేదానివి. నువ్వు తయారుచేసిన పిల్లే చెప్పింది, ఇంకేం గొడవ? రేపటి నుంచి నీ పేషెంట్లు ఆమెకు. ఈ వారం దగ్గరుండి నేర్పించి వెళ్లు."

సాయంత్రం ఉద్యోగం వచ్చిందన్న మాట వినగానే నాన్న ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, కూతురి చేతులు రెండూ కళ్లకు అద్దుకున్నాడు.

మర్నాడు మొదటి పేషెంటు బట్టలకొట్టు యజమాని. వెడల్పాటి వీపు. బోర్లా పడుకుంటూనే "అక్క నొక్కినట్టే నొక్కాలమ్మాయ్" అన్నాడు.

అమ్మాయి మోచెయ్యి ఆనించింది. అక్క దాన్ని పక్కకు తోసేసింది.

"అది కాదు తల్లీ. బొటనవేలు."

"అక్కా, మొదటిరోజు మీరే కదా..."

"వేలు పెట్టు."

పెట్టింది. అక్క తన ఎడమ అరచేతిని ఆ వేలి మీద ఆనించి, ఒంటి బరువంతా మోపింది. అమ్మాయి మణికట్టులో ఏదో సన్నగా లాగింది.

"ఇంకా గట్టిగా. ఆఁ, అలాగే. రోజంతా ఇలాగే నొక్కాలి. ఎలా ఉంది బాబుగారూ?"

"స్వర్గం!" అన్నాడు ఆయన, కళ్లు మూసుకుని.