వల తెగితే కేకెయ్యాల

అయినా ఈ ఎండకి ఉప్పు మడులు ఇంత తెల్లగా మెరిస్తే కళ్లేం కావాలి, ఈసారి టెక్కలి వెళ్లినప్పుడు నల్లద్దాలు కొనుక్కోవాలి, కొనుక్కుంటే మాత్రం భావనపాడు రేవులో ఆడవాళ్లు ఊరుకుంటారా, ఏటే తులసీ సినిమాలో ఏస్తన్నావేటి అని ఏడిపించరూ, అనుకుంటూ తులసి నౌపడలో ఆటో దిగి, కదిలిపోతున్న ఆటో పొగకి ముక్కు మూసుకుని, భుజాన సంచీ సర్దుకుంటే తేలిగ్గా తగిలింది, చెయ్యి పెడితే టిఫిను డబ్బా ఉంది, నీళ్ల సీసా ఉంది, గొడుగు ఉంది, కంపెనీ మిషను లేదు, మళ్లీ తడిమింది, డబ్బా తీసింది, మిషను డబ్బాలోకి ఎందుకొస్తుందే పిచ్చిదానా, అయినా మూత తీసి చూసింది, నాలుగు చద్దన్నం మెతుకులు, అంతే.

ఒళ్లోనే పెట్టుకుంది కదా, ఎప్పటిలాగే తడవకుండా కవరులో చుట్టి, దిగేముందు గొడుగు కోసం వంగినప్పుడు సీటు మీద పెట్టింది, అక్కడే ఉండిపోయింది, ఆటో టెక్కలి వైపు పోయింది, అందులో ఎక్కినవాళ్ల మొహం ఒక్కటీ గుర్తు రాదు, పోయింది మిషనొక్కటే అయితే బాగుండును, చేపలు కొనే కంపెనీ ఇచ్చిన అరచేతి మిషను, రేవులో బుట్ట తూచి ఎవరిదో అందులో ఎక్కించడం తులసి పని, అందుకే దాన్లో రేవు ఆడవాళ్లందరి ఫొటోలూ ఆధార్ నెంబర్లూ బ్యాంకు ఖాతాలూ ఉన్నాయి, ఇవ్వండమ్మా ఇవ్వండని బతిమాలి ఎక్కించింది తనే, వాళ్లలో పెద్దామె తాతమ్మయితే మొదట మొహం తిప్పేసుకుంది, బేంకోలమని ఫోను సేసి ఓపాలి నా ఖాతా ఊడ్సేసినారే, ఇంకెవులికీ సెప్పను, నువ్వు మా సూరయ్య కూతురివి గాబట్టి నీకైతే ఇస్తాను, అంది, ఇచ్చింది, అలాంటి మిషనుకి తాళం లేదు, తాళం తీసేసింది ఎవరో కాదు, ఈ తులసే.

ఏం చెయ్యమంటారు మరి, ఉప్పునీళ్లలో నానిన వేలికి పొలుసు అంటుకుని ఉంటే ముద్ర పడదు, నెంబరు నొక్కుదామంటే గాజు మీద వేలు జారిపోతుంది, అవతల కానీవే తులసీ, సేపలు మెత్తబడిపోతన్నాయి అని అరుపులు, బుట్టబుట్టకీ ఈ తంటా ఎందుకని ఒకరోజు తాళమే తీసి పడేసింది, హాయిగా ఉందనుకుంది, కంపెనీ హరిబాబు సారు ఎచ్చెర్ల ఆఫీసులో తనలాంటివాళ్లందర్నీ కూర్చోబెట్టి మరీ చెప్పాడు, మిషను పోనాదా, ముందు నాకు ఫోను సెయ్యండి, ఇక్కణ్ణించే తాళమేసి లోపలున్నదంతా తుడిసేస్తాను, దొంగలు పడ్డ ఆరునెల్లకి కుక్కలు మొరిగినట్టు సెయ్యకండి, అన్నాడు, అందరికంటే గట్టిగా నవ్వింది తనే.

ఫోను తీసింది, సారు పేరు దాకా వెళ్లింది, ఆగింది, చేస్తే తాళం ఉందా అని అడుగుతాడు, లేదంటే ఎందుకు లేదంటాడు, తమ వీధిలో ఆఫీసు కార్డు మెడలో వేసుకున్న మొదటి పిల్ల తను, ఆ కార్డు తీసేసుకుంటే వీధిలో తల ఎలా ఎత్తుకోవడం, ముందు ఆటో వెంట పడితే, దొరికేస్తే, ఎవరికీ తెలియనే తెలియదు కదా, ఇంకో ఆటో వచ్చి ఆగింది, టెక్కలేనా ఎక్కమ్మా, ఎక్కి కూర్చుంది, పాదాల కింద మెత్తగా ఏదో తగిలింది, చిరిగిన వల మూట, బాగుకి పోతోంది కాబోలు, నీచు వాసన, నాన్న లుంగీ వాసన.

నాన్న సూరయ్య వల గాలివానకి తెగి కొట్టుకుపోయినప్పుడు తను చిన్నపిల్ల, ఒడ్డుకొచ్చిన నాన్న ఒళ్లు తుడుచుకోకుండా పడవ పడవకీ పరిగెత్తి, నా వల తెగిపోనాది, సూసుకోండర్రా అని గొంతు పోయేలా అరిచాడు, పోతురాజు మావ నవ్వాడు, వల కట్టుకోడం రాదేటి బావా అని, నాన్నా సిగ్గెయ్యలేదా అని అడిగితే, నవ్వితే నవ్వనీయే, నాను నోరు మూసుకుంటే తెగిన వల ఊరుకుంటాదేటి, ఆళ్ల ఇంజను ఫేనుకి సుట్టుకుంటాది, వల మనదే గానీ మునిగీది ఆళ్లు కదేటే, అన్నాడు.

ఆపండి, దిగిపోతాను, అంది తులసి, ఆటోవాడు గొణుక్కుంటూ పోయాడు, సారుకి ఫోను కలిపింది, సార్, మిషను పోనాది, ఆటోలో మర్సిపోయినాను, తాళం కూడా లేదు సార్, తడిసేతికి పడట్లేదని నానే తీసేసినాను, ఒక్క ఊపిరిలో చెప్పేసింది, అవతల టకటక మీటలు నొక్కుతున్న చప్పుడు, ఉప్పు మడి మీద కొంగ ఒకటి వాలి లేచిపోయింది, తాళం పడిపోనాది, తుడిసేసినాను కూడా, మన లెక్కలు ఆఫీసులో ఉన్నాయి, ఆళ్ల నెంబర్లే మళ్లీ ఎక్కించుకోవాల, బెంగెట్టుకోకు, తాళం తీసినందుకు రేపు తిట్లు తిందువు గానీ, అయినా తడిసేతికి పడట్లేదని ఇన్నాళ్లూ ఒక్కరూ సెప్పలేదేటమ్మా, ఏరే దారి సూద్దుము గదా, అన్నాడు, తులసికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి, కళ్లు తుడుచుకుంది, కొత్త మిషను ఇస్తే నాన్న వల తాడుతో నడుముకి కట్టుకోవాలి, రేవంతా నవ్వుతుంది, నవ్వనీ, రోడ్డు దాటి భావనపాడు ఆటో కోసం నిలబడింది, ముందు తాతమ్మకి చెప్పాలి, అందరిముందూ చెప్పాలి, తాతమ్మ నోరు మంచిది కాదు, తిడుతుంది, తిట్టి తిట్టి అలిసిపోయి మళ్లీ నెంబరు చెబుతుంది, ఎందుకంటే తాతమ్మ ఆ రోజు నమ్మింది మిషనునీ తాళాన్నీ కాదు, పోయినదాన్ని దాచకుండా పరిగెత్తుకొచ్చి చెప్పే సూరయ్య కూతుర్ని.